గుట్టవతలి ఈతకల్లు

పోయిన ఎండాకాలం మా బిడ్డ పుణె నుంచి వస్తూ మూడు వైన్ సీసాలు తెచ్చింది. మా జగిత్యాలలో వైన్స్ అంటే బ్రాందీ, విస్కీ అమ్మే దుకాణం. అక్కడికి పోయి అసలు వైన్ కావాలని అడిగితే దుకాణదారు మనల్ని ఎగాదిగా చూస్తాడు. ఇవి మాత్రం నాసిక్ దిక్కు ద్రాక్షతోటల్లో చేసినవట, ఒక్కొక్కటి ఒక్కో రకం ద్రాక్షతో. పేర్లు కనబడకుండా సీసాలకు పాత పేపర్లు చుట్టి, మూడు గ్లాసుల్లో రెండేసి గుక్కలు పోసి నా ముందు పెట్టింది. నా నాలుక గురించి నేను చెప్పుకునే గొప్పలు చిన్నప్పటి నుంచి విని విని విసిగిన పిల్ల. ఇవాళ తేల్చేద్దామనుకున్నట్టుంది.

మొదటిది తెల్లది. చలికాలం పొద్దున్నే చెట్టు దిగిన పోతుతాటి కల్లులాగా తేలిగ్గా ఉంది, మింగాక చివర్లో పచ్చి మామిడి తొక్క పులుపు. పండును ఎక్కువ మాగనివ్వకుండా తెంపారన్నాను. రెండోది ఎర్రది. నోట్లో పెట్టగానే నేరేడు పండు, మింగాక గొంతు మొదట్లో మిరియాల మంట. మూడోది కూడా ఎర్రదే గానీ దాని తీరు వేరు. నేరేడు గింజ కొరికినట్టు చిగుళ్లను పట్టుకుంది. ఇంకో రెండేళ్లు సీసాలోనే ఉంచితే దారికొచ్చేదని చెప్పాను.

బిడ్డ పేపర్లు విప్పి సీసాల వెనక రాసింది చదివింది. మొదటిది చెనిన్ బ్లాంక్, రెండోది షిరాజ్, మూడోది కాబర్నే. షిరాజ్ వెనక మిరియాల సంగతి రాసే ఉంది. ఏదో బెర్రీ అని కూడా ఉంది. ఆ బెర్రీని నేను ఎన్నడూ చూడలేదు. నాకు నేరేడు చాలు.

ఇక తప్పదన్నట్టు నవ్వి, “బాపూ, ఎన్నడన్న తప్పు చెప్పినవా?” అని అడిగింది.

“ఒక్కసారి. మూడు గిలాసలు పెడితే మూడూ తప్పే చెప్పిన.”

నమ్మలేదు. అప్పుడు కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. అంతకుముందు ఇంట్లో కూడా చెప్పని సంగతి అది. ఒకసారి నోరు విప్పాక కాగితం మీద పెట్టడానికి మొహమాటం ఎందుకని ఇప్పుడు రాస్తున్నాను.

మాది కోరుట్లకూ జగిత్యాలకూ నడుమ, రోడ్డు దిగి లోపలికి నడవాల్సిన ఊరు. ఒకప్పుడు ఊరి దొరల ఇల్లు మాది. నా చిన్నతనంలో పొద్దు పొడిచేసరికి మా గడి అరుగు మీద రెండు లొట్ల నిండా కల్లు దిగి ఉండేది. ఎవరు తెచ్చారు, ఏ చెట్టెక్కి తెచ్చారు అని మాలో ఎవరమూ అడిగేవాళ్లం కాదు. తెచ్చినవాడికి ఏమీ ఇచ్చేవాళ్లమూ కాదు. నేను డిగ్రీ తప్పి ఊరికి వచ్చిన ఏడాది ఆ లొట్లు ఆగిపోయాయి. ఊళ్లో సంఘం పెట్టారు. గడికి ఉత్తగా కల్లు పోయవద్దని అనుకున్నారు. ఆ మాట మా అరుగు ముందు నిలబడి చెప్పింది రోజూ కల్లు గీసి తెచ్చే గౌండ్లాయనే. అప్పటికి అతనికి నలభై ఏళ్లుంటాయి. చెప్పులు విడవకుండా, చేతులు కట్టుకోకుండా చెప్పి, వచ్చిన దారినే పోయాడు. మా నాయన పది రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆ తర్వాత చెరువు కింది మా పొలంలో ఎర్రజెండా పాతారు. ఇంటిల్లిపాదీ జగిత్యాలలో ఇల్లు తీసుకుని వెళ్లిపోయారు.

నేను పోలేదు. మిగిలిన సేద్యం చూసుకోవాలని చెప్పాను. అది సగం నిజం, మిగతా సగం కల్లు. నెల రోజులు ఓర్చుకుని, ఒకరోజు పొద్దున్నే నడుచుకుంటూ తాటివనంలోకి, ఊరి జనం కూచుని కల్లు తాగే మండువకి పోయాను. నన్ను చూసి మాటలన్నీ ఆగిపోయాయి. గౌండ్లాయన ఒక తాటాకు చీల్చి, దోనెలాగా మడిచి నా చేతిలో పెట్టాడు. దాన్ని మేము రేక అంటాం. పీట వేయలేదు. అందరిలాగే నేల మీద గొంతుక్కూచున్నాను. అతను పోశాడు, నేను గడిలో తాగినట్టే గటగటా తాగేశాను.

“గిన్నేండ్లు మేం పోసుడు, మీరు మింగుడు. ఎన్నడన్న రుచి చూసిన్రా?” అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. అయినా రేక మళ్లీ చాపాను. ఈసారి మింగవద్దన్నాడు. నాలుక కింద పట్టి ఉంచి, ముక్కుతో ఊపిరి వదలమన్నాడు. అలా చేస్తే చెట్టు తనంతట తనే తెలుస్తుందట. ఆ రోజు తెలియలేదు. నెల తిరిగేసరికి తెలియడం మొదలైంది.

మూడు చలికాలాలు అతని దగ్గర నేర్చుకున్నాను. తాళ్లన్నీ, అంటే తాటిచెట్లన్నీ, ఒకటి కావు. పోతుతాడు చలికాలపుది, తేలిక, నోట్లో నిలవదు. తర్వాత పరుపుతాడు, దానికి కాస్త వగరు, కాస్త పొగరు. ఎండలు ముదిరాక కాయలు కాసే పండుతాడు వస్తుంది. చిక్కన, తియ్యన, రెండు రేకలకే మనిషి నేల మీద ఒరుగుతాడు. ఈత వేరే సంగతి. దాని తీపిలో ఎప్పుడూ కొంచెం మట్టి ఉంటుంది, అందుకే ఏ మట్టిలో మొలిచిందో దాచుకోలేదు. మా బాయి కాడి ఈతచెట్లు మంచినీళ్ల చెట్లు, వాటి కల్లు అమాయకంగా ఉంటుంది. గుట్టవతల, వాగు ఒడ్డున చౌడు నేలలో ఉన్న ఈతలకు నాలుక అంచుల మీద సన్నటి ఉప్పు తగులుతుంది. వాటిలో ఒకటి వాగు మీదికి ఒరిగి ఉండేది. దాని కల్లులో తడిసిన జొన్నచొప్ప వాసన. నాకు అన్నింటికన్నా అదే ఇష్టం. మొదటి చలికాలంలోనే అతను నన్ను అక్కడికి తీసుకుపోయి దాని కింద కూచోబెట్టి పోశాడు.

ఇంత నేర్పినా నన్ను దొరా అనలేదు. అలాగని వరస పెట్టి కూడా పిలవలేదు. ఏమన్నా చెప్పాలంటే “ఇగో” అనేవాడు.

నేర్చుకున్నవాణ్ణి నేర్చుకున్నట్టు ఊరుకుంటే బాగుండేది. నాకు ఊరుకోవడం రాదు. సిరిసిల్లలో మా మేనమామ ఉండేవాడు. ఒక పండగకు అక్కడికి పోయినప్పుడు కల్లు దుకాణంలో మాట మీద మాట పెరిగి, సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపించే ఒక సేటు తన చేతి గడియారం పందెం కట్టాడు. మూడు లొట్లు తెచ్చి పెట్టారు. కళ్లు మూసుకుని తాగి, ఒకటి ఎల్లంతకుంట దిక్కుదని చెప్పాను, చెరువు కింద నీళ్లు తాగి బలిసిన చెట్లు. రెండోది ఎల్లారెడ్డిపేట దిక్కుది, రాతినేలలో ఆకలికి ఎండిన చెట్లు, అందుకే చిక్కదనం. మూడోది రెండూ కలిపి నన్ను మోసం చేయాలని చూసింది అన్నాను. దుకాణం దద్దరిల్లింది. మా మామ నన్ను భుజాల మీద ఎత్తుకోవడం ఒక్కటే తక్కువ. గుంపులోంచి లుంగీ కట్టుకున్న మీసాలాయన ఒకడు దగ్గరికొచ్చి, ఎట్లా తెలుస్తుందని మూడుసార్లు అడిగాడు. అడిగినవాడికి చెప్పకుండా ఉంటానా, మట్టి సంగతి, ఉప్పు సంగతి అన్నీ విడమరిచి చెప్పాను. అతను కానిస్టేబుల్ అని నాకు తెలియదు. ఆ చలికాలమే మా దిక్కు స్టేషన్‌కు బదిలీ మీద వస్తాడని అసలే తెలియదు.

అప్పటికి రోజులు బాగా చెడ్డాయి. గుట్టవతలికి దళం వచ్చి పోతోందని, ఊరివాళ్లెవరూ అటు అడుగు పెట్టవద్దని పోలీసులు చాటింపు వేయించారు. ఒకరోజు తెల్లవారి అటు వెతకడానికి పోయినవాళ్లకు వాగు ఒడ్డున మూడు రాళ్ల పొయ్యి, బూడిద, దగ్గర్లోనే కొత్తగా గీసిన ఈతచెట్లు కనబడ్డాయి. అక్కణ్ణుంచి తిన్నగా గౌండ్లాయన ఇంటికి వచ్చారు. గుడిసెలో ఒక లొట్టిలో ఈతకల్లు దొరికింది. ఎక్కడిదంటే, దొర బాయి కాడి చెట్లదన్నాడు. ఆ చెట్లు గీసేది అతనే కాబట్టి అది నిజం కావచ్చు. నిజమైతే ఇంటికి పంపిస్తారు. గుట్టవతలిదని తేలితే ఏమవుతుందో ఆ రోజుల్లో మాలో ఎవరికీ ఎవరూ చెప్పక్కర్లేదు. ఎదురుకాల్పులని రెండు ముక్కలు పేపర్లో వస్తుంది, అంతే.

ఆ మీసాల కానిస్టేబులే నన్ను పిలుచుకుపోవడానికి వచ్చాడు. దారిలో సిరిసిల్ల పందెం గురించి ఎంతో గౌరవంగా మాట్లాడాడు. మండువకి పోయేసరికి ఊరు సగం అక్కడే ఉంది. గౌండ్లాయన నేల మీద కూచుని ఉన్నాడు. తాడెక్కే మోకుతోనే చేతులు వెనక్కి కట్టారు. అతని భార్య కొంగు నోట్లో కుక్కుకుని దూరంగా నిలబడింది. నన్ను చూసి ఇద్దరూ కళ్లు దించుకున్నారు.

ఎస్సై కోస్తా దిక్కు మనిషి, కల్లు ముట్టనివాడు, మాట మర్యాదగా ఉంది. “రుచి చూసి చెట్టు చెప్పేస్తారటగా. మా కానిస్టేబుల్ కూడా తాగి చూశాడు, ఉప్పు తగులుతోంది, బావి దగ్గరిది కాదంటున్నాడు. అతని మాట ఒక్కటే చాలదని మిమ్మల్ని పిలిపించాను,” అన్నాడు.

ఉప్పు సంగతి ఆ మనిషికి నేర్పింది నేనే. నా గొప్పలే తిరిగి తిరిగి వచ్చి ఆ గౌండ్లాయన మెడ మీద కూచున్నాయి.

నాకు పార్టీ మీద ప్రేమ లేదు. జెండా పాతింది మా పొలంలోనే. ఆ లొట్టి ఎవరి కోసమో నేను అడగలేదు, అడిగే పనీ లేదు. నా ముందున్నది ఒకటే లెక్క. బాయి కాడిదేనని నేను అబద్ధం చెబితే, కాదని కానిస్టేబుల్ అంటాడు. వాడి నాలుక నిజమే చెబుతోంది, పైగా వాడి ఒంటి మీద ఖాకీ ఉంది. రెండు కల్లులు పక్కపక్కన పెడితే ఊళ్లో తాగే ప్రతివాడికీ తేడా తెలుస్తుంది. నా మాట నెగ్గితే చాలదు. నాలుక మాటకే విలువ లేదని తేలాలి, ఎవరి నాలుకైనా సరే.

దారి ఎస్సైయే చూపించాడు. పద్ధతి గల మనిషి. అసలు ప్రశ్నకు ముందు నా పనితనం చూస్తానన్నాడు. హోటల్ నుంచి మూడు గాజు గ్లాసులు తెప్పించి, ఒకదాంట్లో తాటికల్లు, ఒకదాంట్లో అప్పుడే బాయి కాడి నుంచి తెప్పించిన ఈతకల్లు, ఒకదాంట్లో గుడిసెలో దొరికింది పోయించాడు. నా కళ్లకు తువ్వాల కట్టారు. ఏ గ్లాసులో ఏది ఉందో నాకు తప్ప అందరికీ కనబడుతోంది.

మొదటి గ్లాసు నోట్లో పెట్టుకున్నాను. నాలుక అంచుల మీద ఉప్పు. ఊపిరి వదిలితే తడిసిన జొన్నచొప్ప. వాగు మీదికి ఒరిగిన చెట్టే. కొన్నాళ్లు గీయకుండా వదిలిపెట్టి మళ్లీ గీసిన చెట్టు, గీసిన రెండో రోజు కల్లు. నా బతుకులో ఏ మనిషినీ అంత స్పష్టంగా గుర్తుపట్టలేదు. కిందికి దిగేదాకా ఆగి, పెదాలు తుడుచుకుని, “గిది తాటికల్లు, పోతుతాడు,” అన్నాను. మండువలో ఎక్కడో ఎవరో దగ్గారు.

రెండోది అసలు తాటికల్లు. బాయి కాడి ఈత అన్నాను. మూడోది మా బాయి కాడిది, చిన్నప్పటి నుంచి తాగిన కల్లు. ఇదే మీకు దొరికిన లొట్టిలోది అన్నాను. అంతటితో ఆగితే అనుమానం వస్తుందని సిరిసిల్లలో చెప్పినట్టే చేతులు తిప్పుతూ చెట్టు ఎత్తు, పొద్దు తగిలే దిక్కు, మొదలు దగ్గరి పుట్టతో సహా వర్ణించాను. అంత తప్పును అంత ధీమాగా చెప్పినవాడు మా జిల్లాలో ఇంకొకడు ఉండడు. మొదట ఎవరో ముసలమ్మ కిసుక్కుమంది. తర్వాత మండువ మండువంతా పగలబడి నవ్వింది. తాటికీ ఈతకూ తేడా పాలు మరిచిన పిల్లకు కూడా తెలుస్తుంది మా దగ్గర.

ఎస్సై కూడా నవ్వుతూనే తువ్వాల విప్పి, కానిస్టేబుల్ వైపు తిరిగాడు. వాడి మొహం మాడిపోయింది.

“సిర్సిల్లల నా కండ్లార చూసిన సార్. గిట్ల చెప్పలే,” అన్నాడు.

ఎవరో ముందే చెవిలో ఊది ఉంటారని ఎస్సై కసిరాడు. ఈ నాలుకల్ని నమ్మి కేసు రాస్తే పైవాళ్లు తన మొహాన ఉమ్ముతారన్నాడు. వాడి ఉప్పు మాట కూడా ఆ కసురులోనే కొట్టుకుపోయింది. నేను తలొంచుకుని నిలబడ్డాను. ఒక్కసారి పక్కకు చూశాను. మొదటి గ్లాసులో పోసింది ఏ చెట్టుదో తెలిసిన గౌండ్లాయన ఒక్కడే నవ్వడం లేదు. గడ్డం గుండెకు ఆనించుకుని నేలను చూస్తున్నాడు.

అతన్ని ఒక రోజు స్టేషన్‌లో ఉంచుకున్నారు. కొట్టారు కూడా. మర్నాడు పొద్దున మోకు భుజాన వేసుకుని నడుచుకుంటూ ఊళ్లోకి వచ్చాడు. నేను ఇంట్లోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను. అతను బతికి వచ్చినందుకు కాదు, నా పేరు పోయినందుకు. అంత చిన్నబుద్ధి నాది, దాచుకోవడం ఎందుకు.

ఆ కబురు వారంలో కోరుట్లకు, నెలలో సిరిసిల్లకు చేరింది. మా మామ పిలిపించి, కొండగట్టు అంజన్న మీద ఒట్టేసి నిజం చెప్పమన్నాడు, ఆనాడు పందెంలో ముందే తెలుసుకుని చెప్పావా అని. తెలియదని ఒట్టేస్తే, మరి మండువలో ఎందుకు తప్పావనే మాట వస్తుంది. ఆ మాట సిరిసిల్లలో పుట్టి స్టేషన్ దాకా నడుస్తుంది. ఒట్టు వేయకుండానే, ముందే తెలుసన్నాను. సేటుకు తిరిగి ఇమ్మని గడియారం విప్పి ఇచ్చేశాను. మామ నాతో రెండేళ్లు మాట్లాడలేదు. ఆ ఏడే కొండగట్టుకు పోయి మెట్లెక్కి, ఉన్నదున్నట్టు అంజన్నకు చెప్పుకున్నాను. ఆయన ఎవరికీ చెప్పడు.

మండువకి పోవడం మాత్రం మానలేదు. నన్ను చూడగానే ఎవరో ఒకరు ఇది నీళ్లో కల్లో చెప్పమనేవారు. అందరితో పాటు గౌండ్లాయనా నవ్వేవాడు, నవ్వక తప్పదు. నాకు ఎన్నడూ దండం పెట్టలేదు, మంచి మాట ఒక్కటి అనలేదు. కాకపోతే ఆ తర్వాత ఎంతమంది ఉన్నా మొదటి రేక నాకే పోసేవాడు. ఏ చెట్టుదో చెప్పేవాడు కాదు. నేనూ పైకి అనేవాణ్ణి కాదు. లోపల మాత్రం ఒక్కరోజు కూడా తప్పలేదు.

ఇరవై ఏళ్లు పైనే గడిచాయి. దళాలు పోయాయి, గుట్టవతలికి పిల్లలు రేగుపళ్లకు పోతున్నారు. గౌండ్లాయనకు మోకాళ్లు పోయి చెట్టెక్కడం మానాడు, తర్వాత మంచం పట్టాడు. నన్ను రమ్మని కబురు పెట్టాడు. పోయేసరికి వాకిట్లో మంచం మీద కూచుని ఉన్నాడు. చుట్టూ ఎవరూ లేరు.

“గా దినం మొదటి గిలాసల ఏముండె?” అని అడిగాడు.

ఈ ప్రశ్న కోసం నేను ఎన్నేళ్లుగా కాచుకుని ఉన్నానో అప్పుడు తెలిసింది నాకు. చెప్పాను. “గుట్టవతల వాగు మీదికి ఒరిగిన ఈత. ఇడిసిపెట్టి గీసిన రెండో దినం కల్లు.”

కళ్లు మూసుకున్నాడు. తల అడ్డంగా ఊపాడు.

“చెట్టు గదే. రెండో దినం గాదు తమ్మీ, మూడో దినంది.”

తమ్మీ అన్నాడు. వినబడింది. అయినా ఆ మాట దగ్గర ఆగడానికి నాకు తీరిక లేదు, ఎందుకంటే నేను తప్పానంటున్నాడు. మూడో రోజుదైతే పులుపు తేలి ఉండేదన్నాను. ఆ చలికి తేలదన్నాడు. ఉప్పు అంత పదునుగా ఉండదన్నాను. గీసింది తానా నేనా అని అడిగాడు. ఇద్దరి గొంతులూ లేచేసరికి కోడలు పొయ్యి దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చింది. నా చెయ్యి పట్టుకుని అతను నవ్వుతున్నాడు, కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. నేను ఒప్పుకోకుండానే లేచి వచ్చాను. ఆ వానాకాలమే అతను పోయాడు.

ఇదంతా విని బిడ్డ గ్లాసు పక్కన పెట్టింది. ఇంతకూ అది రెండో రోజుదా, మూడో రోజుదా అని అడిగింది.

మూడో రోజుదే అని చెప్పాను.